రిపోర్టులో తిరుమలేష్

సింగపూర్ సైన్స్ పార్క్‌లో షకీలా పనిచేసే కన్సల్టింగ్ కంపెనీకి రాయలసీమ నుంచి ఒక పని వచ్చింది. పదకొండేళ్ల కిందట మూతపడిన కోనాపురం నూలు మిల్లు స్థలంలో డేటా సెంటర్ పెడితే జిల్లా ఎంత ఎదుగుతుందో తేల్చి చెప్పాలి. అన్నీ అంకెలే ఉంటే పెద్దవాళ్లు చదవరు, మిల్లు పోయాక బాగుపడ్డ కార్మికుడొకడి కథ ఫోటోతో సహా ఒక పేజీ కావాలన్నాడు పై అధికారి శశికాంత్. షకీలాది కర్నూలు కాబట్టి ఆ పని ఆమె మీదే పడింది.

అడగ్గా అడగ్గా తిరుమలేష్ దొరికాడు. మిల్లులో తొమ్మిదేళ్లు చేసినవాడు, ఇప్పుడు జురాంగ్ ఐలాండ్‌లో పరంజాలు కడుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం షకీలా ఉండే యూ టీ అనే పేటలో, ఆమె ఫ్లాట్ కింద కాఫీ షాపులో కలిశారు.

"మిల్లు మూసినంక ఆరేండ్లు తిరగని చోటు లేదక్కా. ఉల్లిగడ్డల మండీలో మూటలు మోసినా. బెంగుళూరులో వాచ్‌మన్‌గా ఉంటి. ఏదీ నిలబడల్యా. ఈడికొచ్చి ఐదేండ్లు. నా కూతురికి నేను ఫోన్లోనే నాయన" అన్నాడు. భార్య అరుణ మిల్లు గేటు కాడ డేరాలో కూర్చుంటోందట. మిల్లన్నా తెరవండి, లేకుంటే ఆ స్థలంలో వచ్చేదాంట్లో మాకు పనన్నా ఇయ్యండి అని పాత కార్మికులంతా వేసిన డేరా అది.

"కొత్తదాంట్లో ఎంతమందికి పని దొరుకుతాదక్కా?"

షకీలాకు ఆ అంకె తెలుసు. "తొంభై మందికి. సెక్యూరిటీ వాళ్లతో కలిపి."

"మిల్లులో పద్దెనిమిది వందల మందిమి." తుంపిన ప్రాటా రొట్టె ముక్కను ప్లేట్లోనే పెట్టేశాడు. "ఈ మాట రాయండక్కా. నా పేరు పెట్టే రాయండి."

ఫోటో తీసేటప్పుడు నవ్వమని ఆమే అంది. నవ్వాడు.

షకీలా ఉన్నదున్నట్టు రాసింది. శశికాంత్ సగం కొట్టేశాడు.

"మనల్ని అడిగింది ఎదుగుదల గురించి, షకీలా గారూ."

"అతను చెప్పింది ఇదే సార్."

"అతను సింగపూర్‌లో సంపాదిస్తున్నాడా లేదా? అది చాలు."

ఆమెకు మాట నోటిదాకా వచ్చింది. ఆ ఏడాదే పక్క టీమును మొత్తం పంపించేశారు. ఉద్యోగం పోతే నెల తిరక్కుండా దేశం వదలాలి. కూతురు నిదాకు అక్టోబర్లో పెద్ద పరీక్షలు. "సరే సార్" అంది.

నెల తర్వాత తిరుమలేష్ ఫోన్ చేశాడు. రిపోర్టులోని పేజీ జిల్లా పేపర్లో పడిందట. నవ్వుతున్న ఫోటో, కింద 'మిల్లు మూతపడటమే నాకు మేలైంది' అన్న మాట.

"నేనట్లంటినా అక్కా? డేరాలో అందరూ ఆ పేపరు మా అరుణ ముందర పడేసినారు. నీ మొగుడు సింగపూర్లో సుఖంగా ఉండాడు, నీకీడ మాతో పనేముందని డేరాలోనుంచి లేపి పంపిచ్చినారు."

షకీలా ఆఫీసు నుంచి తొందరగా బయటపడింది. ఇంటికి రాగానే డేరాలో వాళ్ల పేర ఉత్తరం రాసింది. అతను నిజంగా ఏమన్నాడో, పద్దెనిమిది వందల పనులు పోయిన చోట తొంభై ఎలా వస్తాయో, ఎవరు మార్చారో అంతా రాసి కింద సంతకం పెట్టింది. పక్కనుంచి చూసి నిదా, "అమ్మీ, ష్యూర్ ఆర్ నాట్? నీ ఉద్యోగం పోతే?" అంది. ఫోన్లో ఫోటో తీసి తిరుమలేష్‌కు పంపింది.

మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నాలుగోరోజు ఆమే ఫోన్ చేసింది.

"చదివినానక్కా. బాగా రాసినారు."

"డేరాలో చూపించారా?"

"డేరా యాడుంది? మొన్న పోలీసులొచ్చి పీకేసినారు. మనుషులు తలా ఒక దిక్కు పోయినారు. పాపను వాళ్లవ్వ కాడ వదిలి అరుణ బెంగుళూరు బట్టల ఫ్యాక్టరీకి పోయింది. ఇంగెవురికి చూపించేది?" వెనక ఎవరో కేకేశారు. "లారీ వచ్చిందక్కా, ఉంటా."

ఆ ఉత్తరం ఇక ఎవరి కంటా పడదని షకీలాకు అర్థమైంది. తెలియకుండానే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరికే తన మీద తనకు రోత పుట్టింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.