చెప్తే వినడు

మా షెల్టర్లో నా నోటికి భయపడని ప్రాణి ఒక్కటే, మొండోడు. మిగతా కుక్కలన్నీ నేను గేటు దగ్గర "ఏయ్!" అన్నానంటే గోల ఆపేసి గిన్నెల ముందు బుద్ధిగా నిలబడతాయి. ఊడ్చేవాళ్ళు చీపుర్లు అందుకుంటారు. పిల్లుల గదిలో పిల్లులు కూడా కిటికీ మీద నుంచి దిగుతాయని డాక్టరమ్మ వేళాకోళం చేస్తుంది. గయ్యాళక్క అని నాకో పేరుంది. వెనకాలే అంటారు గానీ నాకు తెలుసు. అననీ, నోరు లేకపోతే ఇక్కడ పనులు జరగవు.

కుక్కలకి ఇళ్ళు వెతకడం నా పని. వీధిలో దెబ్బలు తిని వచ్చినవాటికి కట్లు కట్టి, టీకాలు వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసి నిలబెట్టేది డాక్టరమ్మ. నిలబడ్డవాటిని అత్తారింటికి పంపేది నేను. కొత్త ఇంటిని మేం అత్తారిల్లు అనే అంటాం. తిరిగొచ్చేస్తే పుట్టింటికి అలిగొచ్చిందంటాం. ఎంతటివాళ్ళు అడిగినా మొదటిరోజే కుక్కని చేతిలో పెట్టను. ముందు చెప్పులు విప్పి మా నడవలో నేల మీద కూర్చోమంటాను. పిలవకూడదు, ఈల వెయ్యకూడదు, బిస్కెట్లు చూపించకూడదు. కుక్కే తనంతట తాను రావాలి. ప్యాంటు మాసిపోతుందనేవాళ్ళకి ఓ నమస్కారం పెట్టి పంపేస్తాను. ఇచ్చాక కూడా వదలను. చెప్పకుండా వెళ్ళి తలుపు కొడతాను. గొలుసుతో కట్టేశారా, ఎండలో పడేశారా, నీళ్ళ గిన్నె నిండుగా ఉందా, అన్నీ చూస్తాను. ఒకాయన విసిగిపోయి "మా ఆవిడ పుట్టింటివాళ్ళు కూడా ఇన్నిసార్లు రాలేదమ్మా" అన్నాడు. అది వాళ్ళ తప్పని చెప్పి లోపలికి నడిచాను.

మొండోడు ఆ నేల పరీక్షలో ఎప్పుడూ నెగ్గేవాడు. నల్లటి ఒళ్ళు, పెద్ద తలకాయ, ఎప్పుడో చిరిగిన కుడి చెవి. ఎవరు కూర్చున్నా తిన్నగా వెళ్ళి ఒళ్ళో తల పెట్టేసేవాడు. చూసినవాళ్ళు కరిగిపోయి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. కొన్నాళ్ళకి తీసుకొచ్చి అప్పజెప్పేవాళ్ళు. ఇద్దరు తెచ్చారు, ఇద్దరిదీ ఒకటే పాట. "బంగారమేనమ్మా, కానీ చెప్తే వినడు. పిలిస్తే రాడు. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పినా వినడు." మాకూ అలాగే అనిపించింది. అందుకే మొండోడని పేరు పెట్టుకున్నాం.

మూడోసారి పరుపుల కొట్టాయన తీసుకెళ్ళాడు. ఒకరోజు మధ్యాహ్నం వీడు గుమ్మంలో నిద్రపోతుంటే, అడ్డం లెమ్మని నాలుగుసార్లు అరిచి, లేవకపోతే వెనక నుంచి మెడ పట్టుకుని లాగాడు. వీడు తిరిగి చెయ్యి కొరికాడు. కుట్లు పడ్డాయి. మొండోణ్ణి తెచ్చి విడి గదిలో పెట్టాం. రోగం ఏమీ లేదని తేలేదాకా ఉంచాల్సిన గడువు కూడా అయిపోయింది.

గడువు అయిపోయిన రోజునే మా కమిటీ కార్యదర్శి వచ్చాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. షెల్టర్‌కి రేకులు వేయించిందీ, నీళ్ళ ట్యాంకు పెట్టించిందీ ఆయనే. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "సాయంత్రం సూది వేసేద్దాం. బాధ లేకుండా పోతుంది" అన్నాడు, విడి గది ముందు నిలబడి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్కసారి కరిస్తే ప్రాణం తీసేస్తారా సార్?"

"ఒక్కసారని నువ్వంటున్నావు. రేపు ఆదివారం జనం వస్తారు కుక్కల్ని చూడ్డానికి. ఇక్కడ కరిచే కుక్క ఉందని ఒక్క మాట పొక్కిందంటే చాలు, ఆ బక్కదాన్నీ ఆ కుంటిదాన్నీ ఎవడు తీసుకుంటాడు? నువ్వే చెప్పు. ఒకడి కోసం అందర్నీ ముంచుతావా?"

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, అందుకే నాకు మరింత కోపం వచ్చింది. డాక్టరమ్మ గోడకి ఆనుకుని, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, నేల చూపులు చూస్తోంది.

ఆరోజు మా అత్తయ్య కూడా అక్కడే ఉంది. మా ఆయన పని మీద వేరే ఊరు వెళ్ళాడు. ఆవిడకి తలుపు బెల్లు వినపడదు, కుక్కర్ కూత వినపడదు. ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి రాలేక వెంట తెచ్చుకున్నాను. చెవి మిషను కొనిపెట్టాం. చెవిలో ఈగ దూరినట్టుందని తీసి సొరుగులో పడేసింది. నేనూ మా ఆయనా పొద్దస్తమానం అరుస్తూనే ఉంటాం. అరిచి అరిచి లాభం లేక చివరికి కాలితో నేల తన్నుతాం, అప్పుడు తిరిగి చూస్తుంది. ఆవిడకి కుక్కలంటే అస్సలు పడదు. పొద్దున్నించీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మా మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

కార్యదర్శి గొంతు పెంచాడు. "మూడు ఇళ్ళవాళ్ళూ అదే కదమ్మా చెప్పారు! చెప్తే వినడు! ఎంత చెప్పినా వినడు!"

అత్తయ్య చటుక్కున కుర్చీలో ముందుకి వంగింది. ఆయన పెదాల మీద వేరే ఏ మాటా పట్టుకోలేదు గానీ, ఆ ఒక్క మాట ఎక్కడున్నా పట్టేస్తుంది. మా ఇంట్లో ఆవిడ రోజూ చూసే మాట అదే.

"ఎవరు వినంది? నా గురించేనా?" అంది. "ఊళ్ళోవాళ్ళ ముందు కూడా నా మీదే చెప్పుకుంటున్నావుటే? వినపడకే కదా వినంది! కావాలని వినకపోవడానికి నాకేమన్నా పొగరా?"

"అయ్యో, మీ గురించి కాదత్తయ్యా, కుక్క..." అంటూ ఆగిపోయాను.

డాక్టరమ్మ తలెత్తి నా వంక చూసింది. ఇద్దరికీ ఒకటే అనుమానం. నేను వెళ్ళి అరుగు మీద బోర్లించిన స్టీలు గిన్నెలు రెండు తీసుకున్నాను. మొండోడు విడి గదిలో ఊచల తలుపుని ఆనుకుని అటు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊచలకి ఇవతల, వాడి తల వెనకాల, నేలకి తగలకుండా, గాలిలోనే రెండు గిన్నెలూ గట్టిగా కొట్టాను. అవతలి ఆవరణలో కుక్కలన్నీ ఒక్కసారి గొల్లుమన్నాయి. కార్యదర్శి చెవులు మూసుకున్నాడు. మొండోడి చెవి కూడా కదల్లేదు. హాయిగా గురక పెడుతున్నాడు.

గిన్నెలు కింద పెట్టి, మా ఇంట్లో తన్నినట్టే కాలితో నేల మీద ఒక్కటి తన్నాను.

వాడు లేచాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి తోక ఊపాడు.

"ఛీ, నా బతుకు!" అంది డాక్టరమ్మ. ఆ పిల్ల నోటి నుంచి అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. "మందలో ఉన్నన్నాళ్ళూ పక్కవాటిని చూసి పరిగెత్తాడక్కా. గిన్నె చప్పుడుకి అవి లేస్తే వీడూ లేచాడు, నువ్వు అరిస్తే అవి ఆగాక, వాటిని చూసి తీరిగ్గా వీడూ ఆగాడు. ఇంట్లో ఒంటరిగా ఉంటే ఎవర్ని చూసి నేర్చుకుంటాడు? చూడ్డానికి వచ్చినవాళ్ళని పిలవొద్దని మనమే అన్నాం. ఒక్కళ్ళు పిలిచి ఉన్నా తెలిసేది."

నా నేల పరీక్ష! ఎంత గొప్పగా చెప్పుకుంటానో అందరికీ! ముగ్గురొచ్చి చెప్తే వినడని మా మొహం మీద చెప్పారు. ఉన్నది ఉన్నట్టే చెప్పారు. ఆ మాటని మేం ఒక్కళ్ళం కూడా విన్న పాపాన పోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవడం నాకు చేతకాదు కాబట్టి కార్యదర్శి మీద పడ్డాను.

"చూశారుగా! ఇప్పుడు వెయ్యండి సూది!"

ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "పాపం" అన్నాడు. నిజంగానే అన్నాడు. "కానీ ఇది ఇంకా కష్టం కదమ్మా. కరుస్తుందంటేనే ఎవరూ రారు. చెవుడు కూడా అంటే? ఎవరో వెనక నుంచి ముట్టుకుంటారు, మళ్ళీ కరుస్తుంది. ఈసారి చంటిపిల్లయితే? ఇట్లాంటిదాన్ని బతికించి ఈ గదిలోనే ఉంచుతామా జీవితమంతా? నా మాట విను. పడుకోబెట్టడమే దానికి మేలు."

"ఏమంటున్నాడే?" అని అత్తయ్య నా చెయ్యి లాగింది.

ఆవిడ మొహంలో మొహం పెట్టి, పెదాలు నెమ్మదిగా కదిపి చెప్పాను. "ఈ కుక్కకి చెవుడట. అందుకని చంపేస్తే మేలంటున్నారు."

అత్తయ్య కొంగు ముక్కు మీద నుంచి తీసేసింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. ఆవిడ కార్యదర్శి భుజం దాకా కూడా రాదు.

"ఏం నాయనా, చెవిటిదాన్ని నేనూ ఇక్కడే ఉన్నాను. నన్నూ పడుకోబెడతావా? మేలేనా నాక్కూడా?"

"అయ్యయ్యో, మీకూ దానికీ పోలికేంటమ్మా..."

"వెనక నుంచి పట్టుకుంటే నేనూ కరుస్తాను. మొన్న పొయ్యి దగ్గరుంటే మావాడు చప్పుడు లేకుండా వచ్చి భుజమ్మీద చెయ్యేశాడు. గరిటెతో వాయించాను. కావాలంటే దీన్నడుగు. దవడ వాచింది."

వాచిన మాట నిజమే. రెండ్రోజులు అన్నం నమలలేకపోయాడు. నేను తల ఊపాను.

తర్వాత ఆవిడ చేసిన పని నేను కలలో కూడా అనుకోలేదు. విడి గది తలుపు తియ్యమని నాకు సైగ చేసింది. చెప్పులు విప్పింది. గోడ పట్టుకుని, మోకాళ్ళు పటపటమంటుంటే, "అమ్మా, అయ్యా" అనుకుంటూ నేల మీద చతికిలపడింది. అరచేత్తో నేల మీద రెండుసార్లు తట్టింది. మొండోడు వచ్చి ఆవిడ ఒళ్ళో తల పెట్టాడు.

"అబ్బ, ఏం కంపు!" అంది, తల నిమురుతూ. "వీణ్ణి నేను తీసుకెళ్తాను."

ఎవరైనా సరే, నా పని నేను చెయ్యాలి కదా. ఎదురుగా కూర్చున్నాను. "అత్తయ్యా, జాలిపడి అడిగితే ఇవ్వను. జాలి నాలుగు రోజులుంటుంది. తర్వాత వాడి గతి మళ్ళీ ఇదే."

"జాలేంటి, నా మొహం! మీ మొగుడూ పెళ్ళాలిద్దరూ తెల్లారింది మొదలు నా మీద అరుపులే. కోపంతో కాదని నాకు తెలుసు. కానీ నాకు కనపడేది మాత్రం కోపం మొహాలే కదే. నోరు తెరిచి అరవని వాడొకడు ఉండనీ ఇంట్లో."

ఇంట్లో మా మొహాలు ఎలా ఉంటాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. మొండోడు ఆ చేతిని కూడా నాకాడు.

కార్యదర్శి నవ్వడానికి ప్రయత్నించాడు. "బాగుందమ్మా. తలుపు బెల్లు కొడితే ఇద్దరికీ వినపడదు. దొంగొస్తే ఏం చేస్తారు?"

నేను పెదాలతో చెప్పాను. అత్తయ్య విసుక్కుంది. "వీడికి చెవుడని దొంగకి ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా?"

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. కార్యదర్శికి మొహం ఎర్రబడింది. ఆయన పట్టు ఇంకా బిగిసింది.

"ఇదేమన్నా ఆటా? కరిచిన కుక్కని బయటికి ఇవ్వకూడదని కమిటీ తీర్మానం చేసింది. కందకి లేని దురద నీకెందుకమ్మా? ఇది గేటు దాటిందంటే రేపట్నించి నువ్వు పనిలోకి రానక్కర్లేదు. తర్వాత నన్ను అని లాభం లేదు."

ఈ పని నాకు ప్రాణం. బక్కదానికి వచ్చే వారం చూపులున్నాయి. కుంటిదాన్ని చూడ్డానికి ఎవరూ రాలేదు, దానికి ఇల్లు వెతికే ఓపిక నాకు తప్ప ఇంకెవరికీ లేదు. నేను పోతే వాటి సంగతేంటి? వీడొక్కడి కోసం వాటిని వదిలేస్తున్నానా? ఆయన ఇందాక అన్నది కూడా అదే.

కానీ ఒకటి మాత్రం నాకు తెలుసు. ఇవాళ వీణ్ణి వదిలేస్తే రేపు కుంటిదాని గురించి కూడా ఎవడో ఒకడు మేలని చెప్తాడు. మరోసారి చెప్పడం ఇంకా తేలికవుతుంది.

"డాక్టరమ్మా, మందు సిద్ధం చెయ్యి" అన్నాడు కార్యదర్శి.

"నేను వెయ్యను సార్" అంది డాక్టరమ్మ. "జబ్బు లేని కుక్కకి నా చేత్తో వెయ్యను. వేసేవాళ్ళని మీరే తెచ్చుకోండి." లోపలికి వెళ్ళి వాడి ఛాతీకి కట్టే పట్టీ, తాడూ తెచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, వాడి కళ్ళెదుట చెయ్యి చూపించి, అప్పుడు కట్టింది. "అక్కా, నిద్ర లేపాలంటే ముందు నేల తట్టండి. వెనకాల నుంచి ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. నెలకోసారి నేనే ఇంటికొచ్చి చూస్తాను, చెప్పకుండా."

అత్తయ్యని రెక్క పట్టుకుని లేపాను. తాడు ఆవిడ చేతికే ఇచ్చాను. వాడు ఆవిడ మొహం వంకే చూస్తూ పక్కన నడిచాడు. ఆవరణ దాటుతుంటే మిగతా కుక్కలన్నీ కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. వాటి వంక చూస్తే నడవలేనని తల తిప్పుకున్నాను.

"ఆగమ్మా!" అని కార్యదర్శి వెనక నుంచి అరిచాడు. "ఆగమంటున్నానా! చెప్తుంటే వినపడట్లేదా?"

అత్తయ్యకి వినపడలేదు. మొండోడికి వినపడలేదు. నాకు మాత్రం శుభ్రంగా వినపడింది. గేటు గడియ తీశాను.