బండి వదిలిన మనిషి

జూలై తొమ్మిది, ఉదయం పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలకు తాడు తెగింది.

ఆ ఉదయం అయిదున్నరకు ఎమెట్ డెమోస్కీ పార, బకెట్ పట్టుకుని కుక్కల దొడ్లో ఉన్నాడు. ముప్పై నాలుగు కుక్కలు, ఒక్కోదానికి ఒక గొలుసు, ఒక చెక్క గూడు. పెంట ఎత్తడానికి గంటా పది నిమిషాలు పట్టింది. తర్వాత ఎండు సాల్మన్ చేప ఉడికించిన నీళ్లు గిన్నెల్లో పోశాడు. తాగని కుక్క దగ్గర ఆగి, ఒంట్లో నీరు తగ్గిందేమోనని పెదవి ఎత్తి చిగుళ్లు నొక్కి చూశాడు. అతనికి అరవై ఒక్కేళ్లు. యూకాన్ నది ఒడ్డున కాల్టాగ్ అనే ఊళ్లో పుట్టాడు. కుడి పాదానికి మూడు వేళ్లు. మెట్ల మీద నడక తేడా తెలుస్తుంది, చదునులో తెలియదు.

దొడ్డి గార్త్ లిండెల్‌ది. వెయ్యి మైళ్ల కుక్కబండ్ల పందెం రెండుసార్లు గెలిచాడు. మంచు లేని నెలల్లో, బస్సుల్లో వచ్చే జనానికి ఆ పందెం ఎలా ఉంటుందో చూపిస్తాడు. రోజుకు మూడు ఆటలు: పదకొండుకు, రెండుకు, నాలుగుకు. ముందు కథలు. తర్వాత చక్రాల బండికి పద్నాలుగు కుక్కల్ని కట్టి అడవిలో మైలున్నర తిప్పుతారు. చివర టోపీల దుకాణం.

కథల్లో ఒకటి ఎమెట్‌ది. ఇరవై రెండేళ్ల క్రితం అతనూ ఆ పందెంలో ఉన్నాడు. పందెంగాళ్లు మొదట నేర్చుకునేది బండి వదలకూడదని. పడినా, నేల మీద ఈడ్చుకుపోయినా వదలకూడదు. రూబీ ఊరు దాటాక, జారిన చేతి తొడుగు సర్దుకోవడానికి ఎమెట్ చెయ్యి తీశాడు. బండి ఎగిరింది. అతను పడ్డాడు. కుక్కలు వెళ్లిపోయాయి. పదకొండు మైళ్లు నడిచాడు. గార్త్ చెప్పే కథలో కుక్కలు అతనికంటే ముందే మజిలీ చేరి, తిని, పడుకుని గుర్రుపెడుతుంటాయి. నిజానికి అవి చేరలేదు. పొదల్లో చిక్కుకున్నాయి. ప్లయర్స్ అనే ముందు కుక్క మెడకు తాడు బిగిసి చచ్చింది. ఎమెట్ రెండు కాలి వేళ్లు మంచుకు పోయింది ఆ నడకలోనే. ఆ ఏడాది నుంచి అతను తొడుగుల్ని మణికట్టు దగ్గర తోలు వారుతో బిగించి కట్టుకుంటాడు.

కథ చివర గార్త్, "ఆ మహానుభావుడు ఎక్కడో లేడు, అదిగో!" అంటాడు. బండిని కట్టేసే గుంజ పక్కన నిలబడ్డ ఎమెట్ చెయ్యెత్తాలి. జనం నవ్వుతారు. పదకొండు వేసవులుగా ఎత్తుతున్నాడు.

ఏడు గంటలకు గార్త్ కాఫీ కప్పుతో దొడ్లోకి వచ్చాడు.

"గార్త్, ఆ కథ ఇక వద్దు."

"ఏ కథ?"

"నీకు తెలుసు."

"జనానికి నచ్చేదే అది కదయ్యా! అది తీసేసి ఏం చెప్పమంటావ్, ఎన్ని అంగుళాల వాన పడిందోనా?"

"చెబితే మొత్తం చెప్పు. ప్లయర్స్ సంగతి కూడా చెప్పు."

"కుక్క చచ్చిందంటే ఎవడైనా టోపీ కొంటాడా?"

"అయితే నేను వెళ్లిపోతా."

"ఎనిమిది వేళ్లేసుకుని ఎక్కడికి పోతావ్ ముసలాయనా, డాన్సు నేర్చుకోడానికా?" గార్త్ నవ్వాడు. ఎమెట్ నవ్వలేదు. "సరే, ఆ మొహం పెట్టకు. రేపట్నుంచి చెప్పను. ఇవాళ రెండు బస్సులొస్తున్నాయ్. ఇవాళ్టికి చెయ్యెత్తు."

"రేపట్నుంచి మానేస్తావుగా?"

"మాటిచ్చాగా."

"గుంజ తాడు కూడా చూడు. పోగులు లేస్తున్నాయి. పోయిన వారమే చెప్పా."

"అదీ రేపే."

"జనానికి ఆ కేక నేర్పేది నేను బ్రేకు దగ్గరికి వెళ్లాక నేర్పు."

"ఇంకేమైనా ఉన్నాయా దొరగారూ?" అని గార్త్ కప్పులో మిగిలింది నేల మీద పారబోసి వెళ్లాడు.

ఆ కేక "హైక్". అది వింటే కుక్కలు పరుగెత్తుతాయి. మంచు మీద బండి తోలేవాడు కుదురుకున్నాకే ఆ మాట అంటాడు. గార్త్ దాన్ని జనం చేత అరిపిస్తాడు. కుక్కల్ని కూడా అరగంట ముందే కట్టిస్తాడు. కట్టేసిన కుక్కలు పరుగు కోసం ఎగిరి మొరుగుతాయి, జనం ఫోన్లు తీస్తారు. అంతసేపూ బండిని ఆపేది గుంజకు కట్టిన ఆ ఒక్క తాడు.

పదకొండు గంటల ఆటకు తొంభై ఆరుగురు వచ్చారు. మోకాలు నొప్పిగా ఉందంటే మార్వా హేజెన్ అనే ఎనభై రెండేళ్ల ఆవిణ్ణి ఎమెట్ ముందుగానే బండిలో కూర్చోబెట్టాడు.

"కరుస్తాయా ఇవి?" అని ఆవిడ అడిగింది.

"కరవవమ్మా. ఆగమంటేనే కోపం."

"మా ఆయనా అంతే."

అతను నవ్వాడు. గుంజ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. గార్త్ కథ చెప్పాడు. ఎమెట్ చెయ్యెత్తాడు. జనం నవ్వారు. నవ్వు ఆగకముందే గార్త్, "ఇప్పుడు అందరూ నాతో! ఒకటి, రెండు, మూడు!" అన్నాడు. ఎమెట్ చెయ్యి ఇంకా పైనే ఉంది. బ్రేకుకు అతను ఆరడుగుల దూరంలో ఉన్నాడు.

తొంభై ఆరుగురూ అరిచారు. తాడు తెగింది.

ఎమెట్ పరుగెత్తి బండి వెనక కమ్మీని కుడిచేత్తో అందుకున్నాడు. కాలు మెట్టు మీద పడలేదు. పొట్ట నేలకు తగిలింది. ఎడమచేత్తో బ్రేకు పిడి పట్టుకుని లాగాడు. బండి ఆగలేదు, నెమ్మదించింది. ముందు కుక్క పేరు రివెట్. "వో, రివెట్! వో!" అని, ఆగమంటూ మూడుసార్లు అరిచాడు. మూడో కేకకు అది చెవులు వెనక్కి తిప్పింది. మూడు వందల గజాల దూరంలో, వాగు తూము దగ్గర ఆగింది.

ఒకరి ఫోన్లో నలభై ఒక్క సెకన్ల వీడియో ఉంది. అందులో చప్పట్లు వినిపిస్తాయి. ఇదీ ఆటలో భాగమే అనుకున్నామని ఇద్దరు తర్వాత చెప్పారు. పన్నెండో సెకను దగ్గర గార్త్ గొంతు ఉంది: "చూశారా, ఈసారి వదల్లేదు!"

మార్వా హేజెన్‌కు దెబ్బ తగల్లేదు. టోపీ కూడా పడలేదు. "వెనక్కి తిరిగి చూశాను, మనిషి కనబడలేదు" అంది. "చేతులు కనబడ్డాయి."

ఎమెట్ తల తూము ఇనుప అంచుకు తగిలింది. జనంలో ఉన్న ఒక నర్సు పదకొండూ ముప్పై ఒకటికి నాడి లేదని చెప్పింది. కుడి చెయ్యి వేలు వేలూ విప్పి తీశారు. ఎడమ చేతి తొడుగు బ్రేకు పిడికీ చట్రానికీ మధ్య ఇరుక్కుపోయింది. మణికట్టు దగ్గర తోలు వారు కోస్తేగానీ చెయ్యి బయటికి రాలేదు. అంబులెన్సు పన్నెండూ పదికి వచ్చింది.

రెండు గంటల ఆట రద్దు చేశారు. తెగిన తాడు ముడేసి, నాలుగు గంటల ఆట జరిపారు.

మర్నాడు గుంజకు కొత్త తాడు కట్టారు. పదకొండు గంటల ఆటలో గార్త్ ఆ కథ చెప్పాడు. చివర గుంజవైపు వేలు చూపించలేదు. జనం నవ్వారు. ఆటకు రెండో బండి కట్టారు. మొదటి బండి దుకాణం గోడ పక్కన ఉంది. దాని బ్రేకు పిడి దగ్గర, తోలు వారు కోసిన ఎడమ చేతి తొడుగు అలాగే ఇరుక్కుని ఉంది.