తోడేలు మెడలో నేను

నేను ఒక మెడపట్టీని. దళసరి బెల్టు, గొంతు కింద వేలాడే చిన్న డబ్బా, ఆ డబ్బాలో రేడియో. నన్ను కట్టుకున్న జంతువు ఎక్కడుందో టిక్కు టిక్కుమని చెప్పడమే నా పని. ఎవరితో ఉందో, ఎందుకుందో చెప్పే నోరు నాకివ్వలేదు. ఇచ్చి ఉంటే మనుషుల ముఖం మీదే చాలా మాటలు అనేదాన్ని.

బుగ్గలకొండ బీళ్లలో ఒకప్పుడు తోడేళ్లుండేవి. మనుషులే పొగపెట్టి, మందుపెట్టి వాటిని తుడిచిపెట్టారు. ముప్పై ఏళ్లయ్యాక మనుషులకే బెంగ పుట్టింది. ఇంకో రాష్ట్రం నుంచి ఆరింటిని బోనుల్లో తెచ్చి వదిలారు. నన్ను రెండో నంబరు ఆడతోడేలుకు కట్టారు. మూడు రోజులు అది తిండి మాని నన్ను రాళ్లకేసి రాసింది. నాలుగో రోజు అలిసిపోయి ఊరుకుంది.

కట్టినామె షమీనా, కర్నూలు నుంచి వచ్చిన పరిశోధకురాలు. తోడేళ్ల పెంట ఏరి పరీక్షకు పంపేది. ఏది ఎవరి బిడ్డో తేలాక క్యాంపు గోడ మీద వంశవృక్షం గీసేది. మనుషులు పెళ్లికి ముందు తరాలు తిరగేస్తారు కదా, తోడేళ్లకు ఆ పెద్దరికం ఈమె చేసేది. అవి మాత్రం ఆమెను అడగలేదు. రెండేళ్లకే గీతలు చిక్కుపడ్డాయి. అన్నాచెల్లెళ్లు జతకట్టాయి. పుట్టినవాటిలో ఒకటి గుడ్డిది, ఒకటి నడుం వంకరది.

"కొత్త రక్తం రాకపోతే పదేళ్లలో మళ్లీ ఖాళీ అయిపోతుంది ఓబులేసూ" అంది షమీనా, జాడలు చూసే తన సహాయకుడితో.

"ఈ ఆరింటిని తెచ్చేకే నాలుగేండ్లు పట్టె మేడమ్" అన్నాడతను.

ఆ వారమే సుంకులమ్మ వచ్చింది. కొండ కింద గొర్రెలు మేపే మనిషి. గొంతు చీలిన గొర్రెపిల్లను తెచ్చి షమీనా బల్ల మీద, కాగితాల మీదే పడేసింది.

"ఇది ఏడోది. దీని తల్లెవరో, తాతెవరో మీ గోడ మీద రాసుకుంటారా?"

"అటవీశాఖకు రాశాను పెద్దమ్మా. వాళ్లొచ్చి చూస్తారు."

"మా తాతలు యా పీడ వదిలించుకున్న్యారో దాన్ని మీరు బోన్లో పెట్టి తెస్తిరి. ఇంగ రాసేదేముండాది?"

షమీనా కాగితాల మీది నెత్తురు తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ దారిలో ఎదురుపడినా మొహాలు తిప్పుకునేవారు.

మూడో ఏడు పడమటి ఏరు దాటి ఒక మగతోడేలు వచ్చింది. నంబరు లేదు, పట్టీ లేదు, కుడి ముందు కాలు మాత్రం తెల్లన. నన్ను వాసన చూసి పళ్లు బయటపెట్టింది. నా తోడేలు మాత్రం దానితో జతకట్టి నాలుగు పిల్లల్ని కన్నది. నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి. పరీక్షలో వాటి తండ్రి ఆరింటిలో ఏదీ కాదని తేలినప్పుడు షమీనా కాగితాన్ని మూడుసార్లు చదివి, కుర్చీలో కూలబడి ఏడ్చింది. తండ్రి చోట ప్రశ్నార్థకం పెట్టి, కింద నాలుగు గీతలు గీసింది. ఆ మగదాని కోసం కొండంతా వెతికారు. అది నా పక్కనే పడుకునేది. నేను టిక్కు టిక్కుమంటూనే ఉన్నాను.

పిల్లలకు నాలుగు నెలలప్పుడు వాగులో ఒక మేక కళేబరం కనిపించింది. మగది ముందు తిన్నది. కాసేపటికి కాళ్లు కొట్టుకుని పడిపోయింది. నా తోడేలు కళేబరాన్ని ముట్టలేదు, మగదాన్ని వదిలి పోనూ లేదు. రెండు రోజులు నా చప్పుడు ఒకేచోటి నుంచి వినబడేసరికి షమీనా, ఓబులేసు పరుగున వచ్చారు. వాళ్లను చూసి తోడేలు పొదల్లోకి తప్పుకుంది. కాస్త దూరంలో రాతి మీద సుంకులమ్మ కూర్చుని ఉంది.

"నువ్వేనా?" అంది షమీనా.

"నేనే. పురుగుమందు పెట్టినా. పారిపోయేకి నేనేమన్నా దొంగనా?"

"ఈ గుట్టలో కొత్త రక్తంగా పనికొచ్చేది ఇదొక్కటే. తెలుసా నీకు?"

"నాకు పనికొచ్చేవి ఏడు పోయినాయి. నీకు తెల్సా?"

షమీనా కేసు పెట్టించింది. ఓబులేసు వద్దని బతిమాలినా వినలేదు. సుంకులమ్మ పదహారు రోజులు జైల్లో ఉంది. ఈలోగా ఆమె మందలో సగం చెల్లాచెదురైంది. తోడేలు కుటుంబానిదీ అదే గతి. ఒంటరి తల్లి వేట చాలక ఎండాకాలంలోపు మూడు పిల్లలు చచ్చాయి. నాలుగోది కనిపించలేదు. షమీనా నాలుగు గీతల్నీ కొట్టేసింది. మరుసటి ఏడు నా తోడేలు కూడా ముసలితనంతో పోయింది. నన్ను కోసి తీసి, కొత్త బ్యాటరీ వేసి అల్మరాలో పెట్టారు.

ఒక పొద్దున సుంకులమ్మ క్యాంపు గడప దాకా వచ్చి ఆగింది. లోపలికి రాలేదు, గోడకేసి చూసింది.

"ఆ నాలుగో గీత ఏంటికి కొట్టేస్తివి? అది సావలేదు."

షమీనా లేచి నిలబడింది. "నీకెలా తెలుసు?"

"నేను సంపినదాన్ని నేను మర్సిపోతానా? కుడి ముంగాలు తెల్లగ ఉండె. దీనిదీ అట్లే ఉండాది. ఆడది. కడుపుతో ఉండాది."

"మరి ఎందుకు చెబుతున్నావు?"

"నీ మీద ప్రేమతో కాదు. మళ్లీ మందు పెడితే మళ్లీ జైలు. పెట్టకుంటే నా గొర్రెలు పాయె. దాని మెడకు పట్టీ కట్టు. అది కూసేది వినే డబ్బా ఒకటి నాకూ ఇయ్యి. అది యాడుండాదో తెలిస్తే నా మందను ఇంకో పక్కకు తోలుకుంటా."

షమీనా గడప దగ్గరికి వచ్చింది. "ఆ డబ్బాతో దాన్ని వెతికి చంపవని నమ్మకమేంటి?"

"నమ్మొద్దు. నువ్వు జైల్లో పెట్టించినావని నేనూ నిన్ను నమ్మను."

ఓబులేసు పాత రిసీవరు తెచ్చి ఇద్దరి మధ్య గడప మీద పెట్టాడు. చివరికి షమీనాయే దాన్ని ముందుకు తోసింది.

సుంకులమ్మ చూపిన గుట్టలోనే ఆ తోడేలు దొరికింది. పెంట పరీక్షలోనూ ఆమె మాటే నిజమని తేలింది. షమీనా గోడ మీద నాలుగో గీతను మళ్లీ గీసింది.

ఇప్పుడు నేను ఆ కూతురి మెడలో ఉన్నాను. ఇదీ నన్ను రాళ్లకేసి రాస్తోంది. రోజూ తెల్లవారగానే కొండ కింద సుంకులమ్మ రిసీవరు చెవికి ఆనించి, తోడేలును, షమీనాను, నన్ను వరసగా తిడుతుంది. నా చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో పట్టుకుంటుంది. కర్ర చంకన పెట్టుకుని మందను రెండో వైపుకు తోలుకుపోతుంది.