రెండో తరగతి తలుపు

ఆ బడిలో నిప్పుకి ఒక డ్రిల్లు, సుడిగాలికి ఒక డ్రిల్లు, మనిషికి ఒక డ్రిల్లు. మొదటి రెండింటికీ పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ వరసలో నిలబడతారు. మూడోదానికి మాత్రం దీపాలార్పి, తలుపుకి తాళం వేసి, కోట్లు తగిలించే మూలన గోడకి అతుక్కుని కూర్చోవాలి. తుపాకీ పట్టుకుని ఎవడో వరండాలో తిరుగుతున్నాడని అనుకోవాలి. ఏడేళ్ళ పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించినట్టే ఇదీ వల్లె వేయిస్తారు. అమెరికాలోని ఆ ఒహాయోలో ఎవరికీ ఇందులో వింత కనపడదు.

ముంతహాకి కనపడింది. ఆమెది ఇరాక్‌లోని మోసుల్. అక్కడ కొన్నాళ్ళు పంతులమ్మగా చేసి, స్కాలర్‌షిప్పు మీద ఇక్కడి యూనివర్సిటీలో టీచర్ ట్రైనింగుకి వచ్చింది. చదువు ఆఖరి ఏడు ఊళ్ళో ఒక బడికి, రెండో తరగతికి పంపారు. ఆ తరగతి టీచరు మిసెస్ క్రెబ్స్ ముప్పయ్యేళ్ళుగా అదే గదిలో పాతుకుపోయిన మనిషి. ఆవిడ సరేనంటేనే ముంతహాకి పట్టా. కాదంటే పెట్టె సర్దుకోవడమే.

అక్టోబరులో మొదటి డ్రిల్లు వచ్చింది. నిజంగా యుద్ధం చూసినదాన్ని కూర్చోబెట్టి యుద్ధం ఆట ఆడిస్తున్నారే అని చీకట్లో లోపల్లోపల నవ్వుకుంది ముంతహా. అంతలో తలుపు మీద దబదబా చప్పుడు.

"తియ్యండమ్మా, దెబ్బ తగిలింది, రక్తం కారిపోతోంది, తియ్యండి" అని ఒక మగ గొంతు.

బుర్ర ఆలోచించేలోపే కాళ్ళు లేచాయి. వెళ్ళి తలుపు తీసింది. గడప అవతల బడి కాపలా పోలీసు డగ్గన్ నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. రక్తం లేదు, గాయం లేదు.

"ఈ గదిలో పిల్లలందర్నీ ఇప్పుడే చంపించేశావు, మిస్" అన్నాడు తాపీగా, చూయింగ్ గమ్ నములుతూ.

పిల్లలు ముంతహా కేసి చూశారు, తాము చచ్చిపోయినందుకు ఏమనుకోవాలో తెలియక.

మధ్యాహ్నం టీచర్ల గదిలో క్రెబ్స్ ఆమెని కూర్చోబెట్టుకుంది.

"నీకు చెప్పానా లేదా? తాళం పడ్డాక మీ అమ్మొచ్చినా తియ్యకూడదు."

"మా అమ్మయితే తీస్తుంది, మిసెస్ క్రెబ్స్" అంది ముంతహా. అది ఎదురుచెప్పడం కాదు, ఉన్నమాట. మోసుల్‌లో పోరు సాగిన నెలల్లో వాళ్ళమ్మ వీధి తలుపుకి గడియ పెట్టనివ్వలేదు. అన్నం గిన్నెతో ఒకావిడ, ఒక కాలికే చెప్పున్న ముసలాయన, ఎవరి పిల్లలో ఇద్దరు, అందరూ ఆ తలుపులోంచే నేలమాళిగలోకి దిగారు. వచ్చేవాడు ఎలాంటివాడో అని మేనమామ గొణిగితే, "చంపేవాడు తలుపు తట్టడురా. తట్టేది చావుకి భయపడ్డవాడే" అని నోరు మూయించింది. ముంతహా ఆ మాట పట్టుకునే పెరిగింది.

క్రెబ్స్ అంతా విని, కాఫీ కప్పు పక్కన పెట్టింది. "మీ అమ్మ గొప్ప మనిషే. కానీ ఇక్కడ తట్టేవాడే చంపేవాడనుకోవాలి. అలా జరిగిన బళ్ళున్నాయి కాబట్టే ఈ గోలంతా. నాకేమన్నా సరదానా?"

"మరి మన పిల్లలే బయట ఉండిపోతే?"

"దగ్గర్లో ఏ గది తెరిచి ఉంటే అందులో దూరమని నేర్పాం. ఏదీ లేకపోతే బాత్రూముంది. చూడమ్మాయ్, ఇంకోసారి ఇలా జరిగితే నీ కోసం నేను అబద్ధమాడలేను. యూనివర్సిటీకి చెప్పేస్తా. ఆ తర్వాత నీ వీసా గతేమిటో నీకే తెలుసు."

తెలుసు. అందుకే ఆ రోజునించీ తలుపు తట్టిన చప్పుడు వింటే ముంతహా తన చేతులు తనే పట్టుకునేది.

ఆ తరగతిలో టెస్సా అనే పిల్ల ఉంది. బడి గడప తొక్కితే నోట్లో నాలుక లేనట్టే. ఇంట్లో నానమ్మతో వాగుతుందట గానీ, బళ్ళో చేరినప్పటినించీ ఆ పిల్ల గొంతు విన్నవాళ్ళు లేరు. దాహమేస్తే పక్కపిల్ల చెప్పాలి. "బతిమాలకు, బలవంతపెట్టకు. నేను రెండూ చేసి చూశాను" అంది క్రెబ్స్.

ముంతహా రెండూ చేయలేదు. భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చుని, డబ్బాలోంచి ఖర్జూరం బిళ్ళలు తీసి పేర్చి, తనలో తను అరబ్బీలో లెక్కపెట్టుకునేది. వాహిద్, ఇత్నేన్, తలాతా, అలా పది దాకా. ఒక మంగళవారం మూడు దగ్గర ఆగి, నాలుగు మర్చిపోయినట్టు నటించింది.

"అర్బఆ" అంది టెస్సా, చీమకి కూడా వినపడనంత మెల్లగా.

బళ్ళో ఆ పిల్ల పలికిన మొదటి మాట అదే. తప్పు పలికినా పట్టుకునేవాళ్ళు లేని భాష కాబట్టి ధైర్యం వచ్చిందేమో. క్రిస్మస్ నాటికి పది దాకా చెప్పింది. ఆ తర్వాత ముంతహా చెవిలో ఒక్కో ఇంగ్లీషు మాట కూడా వేయసాగింది. వాళ్ళ పిల్లికి మూడు కాళ్ళేనట. నానమ్మ గురక పెడుతుందట. ముంతహా ఆనందం పట్టలేక శుక్రవారం ఫోనులో అమ్మకి చెప్పేసింది. అప్పటినించీ అమ్మకి మనవరాలు దొరికినట్టయింది. ప్రతి శుక్రవారం అదే ప్రశ్న.

"ఆ పిల్ల పైకి మాట్లాడిందా, నా కళ్ళూ?"

"చెవిలోనేనమ్మా. పైకి ఇంకా లేదు."

"మాట్లాడుతుందిలే. గడ్డకట్టిన నెయ్యి ఒక్కసారే కరగదు."

ఫిబ్రవరిలో ఒక పొద్దున ముంతహా టెస్సా చేతికి కథల పుస్తకమిచ్చింది. "లైబ్రరీలో ఇచ్చేసి ఇంకోటి కావాలని అడుగు. నువ్వే అడగాలి. చెవిలో అడిగినా చాలు." టెస్సా చాలాసేపు పుస్తకం అట్ట గీకింది. తర్వాత తల ఊపి, బయటికి నడిచింది. క్రెబ్స్ కళ్ళజోడు పైనించి చూసి కనుబొమ్మలెత్తింది, మెచ్చుకోలుగానే.

పిల్ల వరండా సగం దాటిందో లేదో, గోడ మీద మైకు గరగరలాడింది. తాళాలు వేయండి, దీపాలు ఆర్పండి. డ్రిల్లు అన్న మాట వినపడలేదు. చెబితే శ్రద్ధగా చేయరని జనవరినించీ చెప్పడం మానేశారు.

"టెస్సా బయట ఉంది" అంది ముంతహా.

"లైబ్రరీ పక్కనే ఉంది. వాళ్ళు లోపలికి తీసుకుంటారు" అంటూనే క్రెబ్స్ తాళం తిప్పేసింది. కానీ లైబ్రరీ తలుపుకి అప్పటికే తాళం పడిపోయింది. పిల్లని బాత్రూముకి వెళ్ళమని చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా ఆ పిల్ల కాళ్ళు తను నమ్మిన మనిషి ఉన్నచోటికే నడుస్తాయి గానీ, ఎవరో నేర్పిన చోటికి నడవవు.

ముందు చిన్నగా తట్టిన చప్పుడు. తర్వాత కొంచెం గట్టిగా.

"మిస్ ముంతహా."

మూలలో పిల్లలు తలలెత్తారు. "ఎవరది? టెస్సానా? టెస్సా మాట్లాడుతోందా?" అని గుసగుసలాడాడు ఒకడు.

"నోరు మూసుకో, మనల్ని చంపేస్తారు" అంది పక్కపిల్ల.

"మిస్ ముంతహా, నేనే. తలుపు తియ్యి." గట్టి గొంతు. వరండా ఆ చివరికి వినపడేంత గట్టిగా. ఇన్నేళ్ళూ దాచుకున్న గొంతంతా ఒక్కసారే బయటికి వచ్చింది.

ముంతహా మోకాళ్ళ మీద లేచింది. లేచి అలాగే ఉండిపోయింది. ఈ మూల పిల్లలంతా ఒకరి చేతులొకరు పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉన్నారు. నిజంగానే ఎవడైనా వచ్చి ఉంటే? ఆ పిల్ల వెనకాలే నిలబడి ఉంటే? కాక డగ్గనే పిల్ల చేత పిలిపిస్తుంటే? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. క్రెబ్స్ ఆమె చెయ్యి పట్టుకోలేదు, ఊరికే చూసింది. పట్టుకుని ఆపి ఉంటే బాగుండేదని ముంతహా తర్వాత చాలాసార్లు అనుకుంది.

తలుపు తెరుచుకోలేదు. లోపలివాళ్ళు తనని గుర్తుపట్టలేదనుకుంది కాబోలు ఆ పిల్ల. తను తనేనని రుజువు చూపించడానికి తన దగ్గర ఉన్నదంతా తీసింది.

"వాహిద్" అంది. "ఇత్నేన్. తలాతా. అర్బఆ."

ఆ బళ్ళో ఆ నాలుగు మాటలూ ఇంకెవరి నోటా రావు. డగ్గన్‌కి రావు, ఏ తుపాకీవాడికీ రావు. ముంతహాకి ఇంక సందేహం లేదు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. చేతులు చంకల్లో బిగించుకుని కూర్చుంది. టెస్సా ఏడు దగ్గర తడబడింది, మళ్ళీ మొదటినించీ మొదలుపెట్టింది. మూడోసారికి అంకెలు ఏడుపులో కలిసిపోయాయి. తర్వాత ఏడుపు కూడా లేదు.

మైకులో "డ్రిల్లు ముగిసింది, అందరికీ థాంక్స్" అని ఎవరో హుషారుగా చెప్పారు. తలుపుకి ఆనుకుని కూర్చున్న పిల్లని పక్కకి జరిపి, డగ్గన్ బయటినించి తాళం తీశాడు. టెస్సా పాంటు తడిసిపోయి ఉంది. పుస్తకం ఒళ్ళోనే ఉంది.

"ఈసారి పాసయ్యావు, మిస్" అన్నాడు డగ్గన్. పిల్లని చూసి అతని మొహం కూడా మాడిపోయింది. "పాపం, ఇది బయట ఉందని నాకెవరూ చెప్పలేదు."

ముంతహా కిందకి వంగి చేతులు చాచింది. టెస్సా వెనక్కి జరగలేదు, ముందుకీ రాలేదు. ఎదురుగా ఉన్నది గోడైనట్టు చూసింది.

"నువ్వు చేసింది సరైనదే" అంది క్రెబ్స్, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఏడవాలంటే ఇంటికెళ్ళి ఏడువు. పిల్లలు చూస్తున్నారు."

ఆ తర్వాత భోజనాల బల్ల దగ్గర టెస్సా చోటు మార్చుకుంది. ముంతహా దూరంనించే ఖర్జూరం బిళ్ళలు పేర్చింది, పైకి లెక్కపెట్టింది, నాలుగు మర్చిపోయింది. ఎవరూ అందివ్వలేదు. వారం తిరక్కుండా నానమ్మ గేటు దగ్గర పట్టుకుంది. లావుపాటి మనిషి, మెత్తటి గొంతు. "ఇంట్లో కూడా మాట్లాడటం మానేసింది, మిస్. పిల్లితో కూడా. డాక్టరేమో ఆగి చూద్దామంటాడు. ఉత్త డ్రిల్లుకే ఇలా అవుతుందా? నువ్వంటే దానికి ప్రాణం కదా, నీతోనన్నా ఏమన్నా అందా?"

ముంతహా ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. మే నెలలో పట్టా వచ్చింది. కష్ట సమయంలో చెదరని నిబ్బరం చూపిందని క్రెబ్స్ యూనివర్సిటీకి గొప్పగా చెప్పిందట. ముంతహా సిగ్గుతో చచ్చిపోయింది గానీ, పట్టా మాత్రం తీసుకుంది.

నెలల తరబడి శుక్రవారాల్లో ఆ పిల్ల ఊసు తప్పించుకుంటూ వచ్చింది. పట్టా వచ్చిన వారం అమ్మ వదల్లేదు.

"తిరుగు ప్రయాణం సరే, ఆ పిల్ల సంగతి చెప్పు. నోరు విప్పిందా లేదా?"

"విప్పిందమ్మా."

"పైకే?"

"పైకే. చాలా గట్టిగా."

"దేవుడికి దణ్ణం. నేను చెప్పానా? ఏమంది, నా కళ్ళూ, మొదట ఏమంది?"

"తలుపు తియ్యమంది."

"తీశావుగా" అంది అమ్మ. అది ప్రశ్న కాదు. ఆవిడకి అడగాల్సిన అవసరమే తోచలేదు. ఆ సంతోషంలోనే, నువ్వొచ్చేసరికి మిద్దెకి సున్నం వేయిస్తానని, మేనమామకి మోకాలి నొప్పి తగ్గిందని చెప్పుకుంటూ పోయింది. ముంతహా ఊ కొడుతూ కూర్చుంది.