నల్ల లైనింగు

దర్జీ అక్క పొద్దున్నే కొట్టు తెరిచి, మిషనుకు నూనె వేసి, నిన్నటి ముక్కలు ఊడ్చేది. క్యాన్సరొచ్చి రొమ్ము తీయించుకున్న ఆడవాళ్లకి, దూది కూరి, రెండు వైపులా సమంగా కనబడేలా లోపలి బట్టలు కుట్టడం ఆవిడ పని. ఎలా కుట్టుకోవాలో ఫొటోలతో నెట్‌లో ఒక పేజీ కూడా పెట్టింది. అందులో కోత మచ్చ దాచకుండా, నవ్వుతూ ముందు నిలబడింది ఆ వీధి పంతులమ్మ. ఆ నవ్వు చూసే చాలామంది ధైర్యం చేసి కొట్టు మెట్లెక్కారు.

ప్రభుత్వం నెట్‌లో బూతు కడిగేస్తానని బయల్దేరినప్పుడు ఆ పేజీ కూడా పోయింది. ఎవరి పేజీ మూసినా వాళ్ల గుమ్మంలో నల్లగుడ్డ రాలుతుంది కదా, అక్క గుమ్మంలోనూ రాలింది. అది ఒకసారి కప్పితే, తర్వాత తీసేసినా కప్పినది కంటికి ఆనదు. తెలియక బీరువా మీద కప్పి, ఇప్పటికీ మోకాళ్లకి దెబ్బలు తగిలించుకుంటున్నవాళ్లున్నారు. అందుకే జనం దాన్ని కర్రతో ఎత్తి చెత్తబండిలో పడేస్తారు. అక్క మాత్రం మడతపెట్టి అటకెక్కించింది.

పేజీలు మూయించే ఆఫీసుకెళ్లి అధికారి ముందు నిలబడింది.

"సార్, అవి జబ్బుపడినవాళ్ల ఒళ్లండీ."

"ఒళ్లు ఒళ్లేనమ్మా. తర్వాతెవరు?" అన్నాడాయన, తెర మీంచి తలెత్తకుండానే.

బూతు పేజీలో పంతులమ్మ ఫొటో ఉందట అన్న మాట బడిదాకా పాకింది. రావద్దన్నారు. ఆవిడ తలుపేసుకుంది. జబ్బు తిరగబెట్టింది. ఆస్పత్రికి తీసుకెళ్తానని అక్క ఎంత బతిమాలినా, "నన్ను చూసి నవ్వుతారే" అని గడప దాటలేదు. వానలు మొదలయ్యేసరికి పోయింది. అక్క ఏడవలేదు. పళ్లు బిగబట్టుకుని మిషను తొక్కింది.

ఒకరోజు ఆ అధికారే కొట్లోకొచ్చాడు.

"మా ఆవిడ పంపింది. నీ చేతి కుట్టు బాగుంటుందట. మంత్రిగారు నాకు సన్మానం చేస్తున్నారు. మంచి కోటు కావాలి."

"దేనికండీ సన్మానం?"

"నెట్ శుభ్రం చేసినందుకు."

ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. ఆరోజు చూస్తేగా! అక్క చిరునవ్వుతో కొలతలు తీసింది. బూడిదరంగు ఉన్నికోటు కుట్టి, అటక మీది గుడ్డ దించి లోపల లైనింగు వేసింది. ఒక్కో కుట్టుకీ పంతులమ్మని తలుచుకుంది.

సన్మానం రోజు వేదిక వెనక ఆయన కోటు తొడుక్కున్నాడు. పేరు పిలిచారు. ఖాళీ కోటొకటి నడుచుకుంటూ వచ్చింది. మంత్రి దాని వంక చూసి, శాలువా పక్కనున్నాయనకి కప్పేశాడు. కనబడని మనిషి చేత హాజరు ఎలా వేయించాలో నిబంధనల్లో లేదు గనక, ఆఫీసులో ఆయన కుర్చీ ఇంకొకరికిచ్చారు. భార్య అన్నం వడ్డించడానికి కంచం కదిలేదాకా ఆగాల్సి వచ్చేది.

కొన్నాళ్లకి కొట్లో కుర్చీ కిర్రుమంది. ఎదురుగా ఎవరూ లేరు.

"ఏమ్మా! ఏం చేశావు నన్ను? కోటు విప్పేసినా కనబడట్లేదు. మామూలు గుడ్డతో ఇంకోటి కుట్టు. దణ్ణం పెడతాను."

అక్క టేపు మెడలో వేసుకుని ఆ గొంతు వైపు తిరిగింది.

"ఎలా కుట్టమంటారు సార్? కొలతలు తియ్యాలంటే ఒళ్లు కనబడాలి కదా."

గుమ్మంలో ఒకావిడ పైట గట్టిగా చుట్టుకుని, లోపలికి రావాలా వద్దా అని నిలబడి ఉంది.

"రామ్మా, ఇక్కడ ఎవరూ లేరులే" అంది అక్క.

కుర్చీ మళ్లీ కిర్రుమంది. తలుపు దానంతటదే తెరుచుకుని, మూసుకుంది.