సోఫా మీదికి పిలుపు

రాత్రి పొద్దుపోయాక టీవీలో వచ్చే ఎల్రాయ్ పెటిగ్రూ షోని హాలీవుడ్ స్టూడియోలో సాయంత్రమే తీసేవారు. అంత రాత్రివేళ వచ్చే షోకి ఒక నల్లజాతి మనిషిని హోస్టుగా కూర్చోబెట్టడం అదే మొదలు. నల్లవాళ్ళ చర్చీల నుంచి బస్సుల్లో జనం వచ్చి ముందు వరసలు నింపేవారు. ఆదివారపు టోపీలు పెట్టుకున్న పెద్దమ్మలు ఎల్రాయ్‌ని కన్నకొడుకులా చూసుకునేవారు.

ఇప్పుడు ఛానెల్‌వాళ్ళు ఆ షో ఎత్తేశారు. మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే. ఇవాళైనా ఓడెల్ అన్నను స్టేజీ ఎక్కించాలని ఎల్రాయ్ పట్టుబట్టాడు.

ఓడెల్ బాగ్స్‌బీ అతనికి హాస్యం నేర్పినవాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే కారులో దక్షిణాది క్లబ్బులన్నీ తిరిగారు. తమకు గది ఇవ్వని ఊళ్ళలో ఆ కారులోనే పడుకున్నారు. ఓడెల్‌కి ఒకటే కోరిక. హాస్యగాడు తన వంతు ముగించాక హోస్టు చెయ్యి ఊపి పక్కనున్న సోఫా మీదికి పిలిస్తే, ఇక దేశంలో వాడికి తిరుగులేదు. "ఆ పిలుపు నాకొక్కసారి రావాలిరా," అనేవాడు.

ఎల్రాయ్ అతణ్ణి షోకి రప్పించకపోలేదు. రప్పించి, ఎప్పుడూ చివర పెట్టేవాడు. ముందొచ్చిన సినిమా తారలు మాట్లాడుతూ పోతే టైమైపోయేది. చివరివాడు ఊరికే ఇంటికి పోయేవాడు. "ముసలాయన యాస తెల్లవాళ్ళకి ఎక్కదు," అనేవాడు నిర్మాత గ్రాంట్. అతనితో పోట్లాడటం కన్నా, తారల చేత ఇంకో రెండు కబుర్లు చెప్పించడం ఎల్రాయ్‌కి తేలికైంది. ఓడెల్ మొహాన మేకప్ తుడుచుకుంటూ, "పోనీలేరా, నీ కుర్చీ చల్లగా ఉంటే చాలు," అని వెళ్ళిపోయేవాడు. రానురాను ఓడెల్ ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తడానికి ఎల్రాయ్‌కి మొహం చెల్లలేదు.

ఇవాళ ఓడెల్‌దే మొదటి వంతు. కూతురు లవెర్న్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఏరా బక్కోడా, ఇంత ఒళ్ళు చేశావు! టీవీ పెట్టెలో పట్టక తీసేస్తున్నారా ఏంటి?" అన్నాడు ఓడెల్.

ఎల్రాయ్ పగలబడి నవ్వాడు. లవెర్న్ నవ్వలేదు. "బాబాయ్, నాన్న ఒక్కోరోజు బాగుంటాడు, ఒక్కోరోజు... చెబుదామని ఎన్నిసార్లు ఫోన్ చేశాను నీకు!"

"పాత జోకులేగా తల్లీ. నిద్రలో లేపినా చెప్తాడు," అన్నాడు ఎల్రాయ్.

ఓడెల్ టోపీ సర్దుకుని దీపాల వెలుగులోకి నడిచాడు. మొదటి రెండు జోకులకీ హాలు ఊగిపోయింది. "మా పాస్టరు ప్రసంగం మొదలెట్టే ముందు మా ఆవిడ పొయ్యి మీద బీన్స్ పెట్టి వచ్చింది," అని ఆగాడు. ఆ ఆగడం ఎల్రాయ్‌కి తెలుసు. నవ్వుని బిగబట్టి వదిలే చోటు అది. కానీ ఓడెల్ ఆగే ఉన్నాడు. "పొయ్యి మీద... బీన్స్..." అన్నాడు మళ్ళీ.

ముందు వరసలోంచి ఒక పెద్దమ్మ మెత్తగా అంది: "నిమ్మళంగా కానీ నాయనా. తొందరేం లేదు."

చర్చిలో పాట మధ్యలో గొంతు పూడుకుపోయిన వాళ్ళతో అనే మాట అది. ప్రేమకొద్దీ అంటారు. హాస్యగాడు మాత్రం ఆ మాట పడకూడదు. మరో ఇద్దరు అందుకున్నారు, "నిమ్మళంగా, నిమ్మళంగా," అంటూ.

ఎల్రాయ్ గబగబా వెళ్ళి ఓడెల్ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "పాస్టరు ఆమెన్ అనేసరికి, ఇంటి మంటలార్పినవాళ్ళు కూడా చర్చికొచ్చి బాప్తిస్మం పుచ్చుకుని వెళ్ళారు!"

హాలంతా నవ్వులు. బ్యాండు మోగింది. ఎల్రాయ్ అతణ్ణి నడిపించుకెళ్ళి సోఫా మీద కూర్చోబెట్టాడు.

ప్రకటనల విరామం. ఓడెల్ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "భలే ఉందిరా బక్కోడా! ఎక్కడ పట్టావు ఆ జోకు?"

"నీ దగ్గరే అన్నా."

"పోరా! అంత మంచిదైతే నీకెందుకిస్తాను?" అని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంతకీ నా వంతు ఎప్పుడు? ఇవాళైనా టైముంటుందా?"

ఓడెల్ సోఫా అంచుకి జరిగి, పిలిస్తే లేవడానికి వీలుగా, కోటు గుండీ పెట్టుకున్నాడు.