చిగురించని నీటి దేవదారు

మూడో నెల సగం గడిచిపోయింది. షియావ్‌హ లోయలో ఏ గట్టు మీద చూసినా, చలికి ఆకు రాల్చే నీటి దేవదార్లు లేతపచ్చ నూగు తొడుక్కున్నాయి. షియాంగ్ తావోజెన్ తోటలోది ఒక్కటే, తిరగేసిన చీపురుకట్టలా మోడుగా నిలబడి ఉంది.

"పెద్దది కదా, దానికి బద్ధకం" అంది తావోజెన్.

"నేను లేవకపోతే కాళ్ళు పట్టుకుని లాగుతావుగా. దాన్నీ లాగు" అన్నాడు మొగుడు తాన్ షిబిన్, బంగాళాదుంపల బుట్ట దించుతూ.

ఆమె నవ్వింది కానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. రోజుకి నాలుగుసార్లు వెళ్ళి మెడ వెనక్కి వాల్చి చూసొస్తోంది. నిరుడు ఆకు పదిరోజులు ముందే ఎర్రబడి రాలిపోయింది. వానలు తక్కువ కదా అనుకుంది అప్పుడు. మనకి అక్కర్లేని అనుమానాలకి మనమే సాకులు వెతికి పెట్టుకుంటాం, అదేం జబ్బో.

ఆ చెట్టు ఎవరో నాటి పోయింది కాదు. పదిహేనేళ్ళప్పుడు తావోజెన్ సర్కారు నారుమడిలో కూలికి వెళ్ళేది. అక్కడ పారేసిన జానెడు కొమ్మని తడిగుడ్డలో చుట్టి తెచ్చి తోట నడుమ గుచ్చింది. ఆ ఏడే తల్లి పోయింది, రెండేళ్ళ తమ్ముడు కైవూని ఆమె ఒళ్ళో వదిలేసి. వీపున తమ్ముడు, భుజాన నీళ్ళ కావిడి. వాడికి గంజి, దానికి నీళ్ళు. "పెళ్ళికాకుండానే ఇద్దరు పిల్లల తల్లివైపోయావే" అని ఊరి ఆడాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. "అవును, ఒకడు ఏడుస్తాడు, ఒకడు ఏడవడు, అంతే తేడా" అనేది ఆమె. తర్వాత తండ్రి షిబిన్‌ని ఇల్లరికం తెచ్చాడు. ముప్పై నాలుగేళ్ళు తిరిగేసరికి చెట్టు కొన చూడాలంటే తలమీది టోపీ కిందపడేంత ఎత్తు పెరిగింది.

తండ్రి పోయేముందు పెదనాన్నని పిలిచి కాగితం రాయించాడు. చెట్టు బతికున్నంతకాలం తోటని ముక్కలు చెయ్యకూడదు, పెత్తనం పెద్దదానిది. చెట్టు పోయిననాడు చెరిసగం, రోడ్డువైపు సగం కైవూకి. అంత పెద్ద తోటకి ఆ చెట్టే కాపలా అని ఆ పెద్దాయన ధీమా. వెయ్యేళ్ళు బతికే జాతి ఎక్కడ పోతుందిలే అనుకున్నాడు.

అప్పట్లో రోడ్డువైపు నేలని అడిగినవాడు లేడు. ఇప్పుడు ఎండాకాలం వస్తే చాలు, చోంగ్‌చింగ్ ఉడుకు భరించలేక జనం కార్లేసుకుని ఈ లోయ చల్లదనానికి ఎగబడుతున్నారు. రోడ్డు పక్క ప్రతివాడూ మూడంతస్తులు లేపి గదులు అద్దెకిస్తున్నాడు. కైవూ కడుపు మండిపోయింది. నిరుడు ఎనిమిదో నెల పున్నమి పండక్కి అక్క ఇంటికొచ్చి, చెట్టు కొట్టేద్దాం అన్నాడు.

"దాన్ని కొట్టే ముందు నన్ను కొట్టు" అంది తావోజెన్.

"నీకు నాకంటే ఆ మాను ఎక్కువా?"

"ఆ మాను నన్నెప్పుడైనా ఇలా అడిగిందా?"

చంద్రుడి కోసం పెట్టిన రొట్టెలు పళ్ళెంలోనే ఉండిపోయాయి. కైవూ గుమ్మం దిగి వెళ్ళినవాడు నాలుగు నెలలు మళ్ళీ మొహం చూపించలేదు. తావోజెన్ పైకి గట్టిగానే ఉంది కానీ, అన్నం వడ్డించుకున్నప్పుడల్లా వాడు తిన్నాడో లేదో అనుకునేది.

పన్నెండో నెల ఆఖర్న, కొత్త సంవత్సరం కానుకగా పొగపెట్టిన పందితల భుజాన వేసుకుని వాడే వచ్చాడు. చెట్టు ముందు మంచులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అక్కా, నాదే తప్పు. ఇవాళ్టినుంచి నా చెయ్యి ఈ చెట్టు మీద పడితే ఆ చెయ్యి పుచ్చిపోవాలి. నాన్న మీద ఒట్టు" అన్నాడు. చెట్టుకి మొక్కుగా కట్టే ఎర్రగుడ్డ కూడా తెచ్చాడు కానీ తను కట్టలేదు, అక్క చేతికిచ్చాడు. ఆమె ఏడుస్తూనే మానుకి కట్టి, వాణ్ణి లేపి, మోకాళ్ళకంటిన మంచు దులిపింది.

ఇక ఆ చలికాలమంతా కైవూ ఆ ఇంట్లోనే తిన్నాడు. సోయా పిండి కలిపిన ఆకుకూర, పొగ మాంసం, మొక్కజొన్న సారా, ఏది అడిగితే అది. కొత్త సంవత్సరం రాత్రి మొదటి ముక్క వాడి గిన్నెలోనే వేసింది.

షిబిన్‌కి మాత్రం మింగుడుపడలేదు. "మీ వాడికి ఉన్నట్టుండి ఇంత తీపి ఎక్కణ్ణుంచి వచ్చిందే? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే చూపు వాడిది" అన్నాడు ఓ రోజు.

తావోజెన్‌కి ఒళ్ళు మండింది. "ఇల్లరికం వచ్చినవాడివి, రక్తం సంగతి నీకేం తెలుస్తుంది?"

అనకూడని మాట. షిబిన్ మూడు రోజులు తలదించుకుని తిన్నాడు. నాలుగోరోజు మామూలుగానే మాట్లాడాడు, అలాంటి మనిషి. ఆమె ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇదిగో, ఇప్పుడు మూడో నెల. సమాధుల పండగ కూడా వెళ్ళిపోయింది. తావోజెన్ నిచ్చెనేసుకుని ఎక్కి ఓ రెమ్మ బెరడు గోటితో గీకింది. లోపల పచ్చ లేదు. ఇంకోటి గీకింది. ఇంకోటి. అన్నీ పొగాకు రంగే.

అదే పూట రోడ్డు మీద ఇటుకల లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, కైవూ ఇటుకలు ఈ తోట వారన దించమన్నాడు, ఇక్కడేనా?" అని అరిచాడు.

"ఎప్పుడు చెప్పాడు నాయనా?"

"నిరుడు మొక్కజొన్న కోతలప్పుడే చెప్పాడు. వసంతానికి స్థలం ఖాళీ అవుతుందన్నాడు."

మొక్కజొన్న కోతలంటే పున్నమి పండగ రోజులు. పందితలకి నాలుగు నెలల ముందు.

తావోజెన్ ఉన్నచోటే మట్టిలో కూలబడింది. షిబిన్ మాను మొదటికి వెళ్ళి, వెనకవైపు నాచు ఒలిచాడు. నాచు కింద బంకమట్టి బిళ్ళలు. వాటి కింద బర్మాతో తొలిచిన రంధ్రాలు, మాను చుట్టూరా. లోపలి చెక్క నల్లగా కమిలిపోయి ఉంది. గడ్డిమందు పోసి, మట్టి మెత్తి, నాచు అతికించి, బహు నేర్పుగా చేసిన పని. చలికాలంలో ఈ జాతి చెట్టు బతికున్నా చచ్చినా ఒకేలా ఉంటుందని ఈ లోయలో పుట్టినవాడికి వేరే చెప్పాలా!

షిబిన్ చేతులు దులుపుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. 'నేను ముందే చెప్పలా' అనడానికి అతనికి పూర్తి హక్కుంది. అనలేదు.

"ఆ రోజు నిన్ను ఎంత మాటన్నాను" అంది తావోజెన్. "నా నాలుక తెగ!"

"దాని సంగతి తర్వాత. అదిగో, వస్తున్నాడు."

లారీ చప్పుడు విని కైవూ పరుగున వచ్చాడు. నాచు ఒలిచిన మానుని చూశాడు, అక్కని చూశాడు. తప్పించుకునే దారి లేదని తెలిశాక వాడి మొహంలో భయం పోయి మొండితనం వచ్చింది.

"ఒట్టేశావు కదరా! నాన్న మీద ఒట్టేశావు!"

"ఒట్టు తప్పలేదక్కా. ఆ రోజునుంచి నేను దాన్ని ముట్టుకోలేదు, ఎర్రగుడ్డ కూడా నీచేతే కట్టించాను. అంతకుముందు సంగతి నువ్వడిగావా?"

"అంటే చచ్చిన చెట్టు ముందు మోకాళ్ళేసి, దానికి నాచేత ముస్తాబు చేయించావన్నమాట. చలికాలమంతా నా ఎదురుగా కూర్చుని, ఇంకో ముక్క వెయ్యక్కా అని తిన్నావు. ఎలా దిగిందిరా గొంతు?"

"చెట్టేగా అక్కా. నేను మనిషిని. నాకూ పిల్లలున్నారు."

షిబిన్ లేచాడు. "ఠాణాకి పోదాం పద."

"వద్దు" అంది తావోజెన్. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. నాన్న మాట నాన్న మాటే. పెదనాన్నని పిలవండి. వాడి సగం వాడికి కొలిచి పారేద్దాం."

పెదనాన్న వచ్చాడు. తాడు పట్టుకున్నంతసేపూ నేలనే చూశాడు పాపం, కైవూ మొహం మాత్రం చూడలేదు. హద్దు మేకులు దిగాయి. అన్నీ అయ్యాక, మర్నాడు కైవూ మోటారు రంపంతో ఇద్దరు కూలీలని తెచ్చాడు. తావోజెన్ వాళ్ళని వెనక్కి పంపేసింది. కొట్టంలోంచి ఇద్దరు లాగే పాత రంపం తెచ్చి ఒక కొస వాడి చేతిలో పెట్టింది.

"నేను నాటాను, నువ్వు చంపావు. ఇద్దరం కలిసి పడేద్దాం. పట్టు."

పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. మెత్తటి కర్రే, కానీ మాను లావు. ఆమె లాగితే వాడు వదలాలి, వాడు లాగితే ఆమె వదలాలి. సగం దాకా వచ్చాక వాడు ఆయాసపడుతూ, "అక్కా, కాసేపు ఆగుదామా?" అన్నాడు. ఆమె తన కొస లాగింది. వాడూ లాగక తప్పలేదు. రంపం బిగుసుకోకుండా షిబిన్ చీలికలో చెక్కమేకులు కొడుతూ ఉన్నాడు. చివరికి చెట్టు ఓ పెద్ద మూలుగు మూలిగి, ఎర్రగుడ్డతో సహా రోడ్డువైపు ఒరిగిపోయింది.

దుమ్ము అణిగింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఇంటి ముందు ఎండ పడింది. కైవూ తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. పోరు ముగిసిందనుకున్నాడో, అలవాటో, తుడుచుకుంటూ లోపలికి నడిచాడు. "చచ్చేంత ఆకలక్కా. ఏం వండావు?" అంటూ నిప్పుగుంట దగ్గర తన పీట లాక్కోబోయాడు.

"అక్కడ పొగ" అంది తావోజెన్. "మీరిలా రండి."

బయటి గదిలో బల్ల తుడిచి, కుర్చీ వేసింది. ఎండాకాలం వచ్చే చోంగ్‌చింగ్ వాళ్ళకి డబ్బు తీసుకుని భోజనం పెట్టేది అక్కడే. పూల గిన్నె తీసింది, తినడానికి కొత్త పుల్లలు పెట్టింది. కొవ్వూ కండా కలిసిన మంచి ముక్కలు ఏరి వడ్డించింది. టీ పోసింది.

"ఏంటక్కా ఈ వేషాలు?" అని కైవూ నవ్వబోయాడు.

"చల్లారిపోతుంది, తీసుకోండి. ఉప్పు సరిపోయిందా?"

వాడు ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది అటూ దిగలేదు, ఇటూ రాలేదు. గిన్నె కింద పెట్టేశాడు. "అక్కా, తిట్టు. చీపురు తీసుకుని నాలుగు బాదు. ఇలా మాత్రం మాట్లాడకు" అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో, భోజనానికి వచ్చినవాళ్ళని ఎవరైనా తిడతారా అండీ" అంది తావోజెన్. వాడి గిన్నెలో ఇంకో గరిటె వేసి, లోపలికి వెళ్ళి నిప్పుగుంట దగ్గర మొగుడి పక్కన కూర్చుని తన గిన్నె అందుకుంది.